పాట చివరి పేరు

మద్దిలేటికి పాటలు వచ్చేవి. వాటిని నలుగురిలో పాడే ధైర్యం మాత్రం రాలేదు.

అతను దర్జీ. హంద్రి ఒడ్డున కొత్తపల్లెలో, బస్సు ఆగే చోట రేకుల కొట్టంలో మిషను పెట్టుకున్నాడు. కాలు ఆడుతుంటే ఆ చప్పుడులో మాటలు కూడేవి. ఒక మాట పక్కన ఇంకో మాట వచ్చి కూర్చునేది. మరిచిపోతానేమోనని చేతిలో ఉన్న సుద్దతో, కత్తిరించిన గుడ్డ లోపలివైపు రాసుకునేవాడు. ఎవరైనా వచ్చి తొందరపెడితే ఆ గుడ్డనే కుట్టి ఇచ్చేసేవాడు. అలా ఎన్ని పాటలు ఎవరెవరి చొక్కాల్లో పోయి మొదటి ఉతుకులోనే కరిగిపోయాయో అతనికే తెలియదు.

అతని గురువు చౌడమ్మ. డెబ్బై దాటిన మనిషి. కంబళ్లు నేసే ఇంట్లో పుట్టింది. ఉన్ని వడికే కదురు ఇప్పటికీ ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. చదువు రాదు. తత్వాలు కట్టింది, డెబ్బైమూడు. ఒక్కటీ కాగితం మీద లేదు. అన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. ప్రతి పున్నమికి ఆమె ఇంటి ముందు పందిట్లో జనం చేరి పాడుకునేవారు. ముసలివాళ్లు చీకటి పడకముందే ఇళ్లు చేరాలని పొద్దుండగానే మొదలుపెట్టేవారు. శిష్యులందరూ ఆమెను అమ్మ అనేవారు.

తత్వానికి ఒక కట్టుబాటు ఉంది. చివరి చరణంలో కట్టినవాళ్ల పేరు ఉండాలి. దాన్ని ముద్ర అంటారు. ఈ మాటలకు పూచీ నాది అని చెప్పుకోవడం అది. చౌడమ్మ పాటలన్నీ చౌడమాంబ అనే ముద్రతో ముగుస్తాయి. ముద్ర లేని పాటను ఆ పందిట్లో ఎవరూ ఎత్తుకోరు.

మద్దిలేటి జంకు అక్కడే. పాట నోటిదాకా వస్తుంది. చివర తన పేరు చెప్పాల్సిన చోట ఆగిపోతుంది.

పన్నెండేళ్లు శిష్యరికం చేశాక ఒక మధ్యాహ్నం అడిగాడు.

"అమ్మా, పాట కట్టాలంటే మనిషికి ఎంత యోగ్యత ఉండల్ల?"

చౌడమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"చెయ్యెత్తు."

ఎత్తాడు. చొక్కా చంక కింద జానెడు చినిగి ఉంది.

"ఊరికంతా కుట్టినావు. ఇది చూసుకోలేదా?"

"తీరిక లేక అమ్మా."

"గిడ్డీ, దబ్బనం తేవే" అని లోపలికి కేకేసింది. గిడ్డమ్మ ఆమె అన్న కూతురు. ఆమెను చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉంటుంది. గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చి ఇచ్చింది. చౌడమ్మ కదురు మీది నల్ల ఉన్నిదారం తెంపి, దబ్బనానికి ఎక్కించి, మనిషి ఒంటిమీదే ఆ తెల్ల చొక్కాను కుట్టేసింది. నాలుగు కుట్లు. ఒకటి పైకి పోయింది, ఒకటి కిందికి పోయింది.

"బాగుందా?"

"బాగుందమ్మా."

"యాడ బాగుందిరా? గొంగళిపురుగు పాకినట్టుంది. గాలి దూరదు, అంతే."

గిడ్డమ్మ గడపలో నిలబడి పడీ పడీ నవ్వింది. మద్దిలేటి కూడా నవ్వాడు. గురువు తనకేదో చెప్పిందని మాత్రం అర్థమైంది. ఇంటికి పోయి ఆ నల్లదారం విప్పేసి, తెల్లదారంతో ఎవరికీ కనపడకుండా సన్నగా కుట్టుకున్నాడు.

ఆ కుట్టు కుడుతున్నప్పుడే పాట వచ్చింది. ఇంతకుముందు వచ్చినవాటిలాంటిది కాదు. ఆపకుండా వచ్చింది.

*కొలత లేని అంగి నాకు కుట్టి ఇచ్చినాడు*
*కుట్టినోని చెయ్యి చూడ ఊరు ఊరు తిరిగినాను*

*సూది పోయిన దారినే పోయె దారము*
*దారమొచ్చి చూసేసరికి సూది లేదు*

*మద్దిలేటి మాట వినరా*
*కుట్టు నిలిచె, చెయ్యి కానరాదు*

పాటతో పాటే పేరు కూడా వచ్చింది. అతను పెట్టలేదు. అదే వచ్చి కూర్చుంది.

ఈసారి సుద్దతో రాయలేదు. నోట్లోనే పెట్టుకుని పది రోజులు తిరిగాడు. లోపల పెట్టుకోలేకపోయాడు. ఎవరికైనా వినిపించాలి. పేరు దగ్గరే ధైర్యం చాలలేదు. పదకొండో రోజు ఒక ఉపాయం తట్టింది. మద్దిలేటి నాలుగక్షరాలు. చౌడమాంబ నాలుగక్షరాలు. ఇది తీసి అది పెట్టాడు. తాళం కూడా కదలలేదు.

ఆ పున్నమికి పాడాడు.

పందిట్లో ఎనభై మంది ఉన్నారు. మొదటి చరణం అయ్యేసరికి చిడతలు ఆగిపోయాయి. పాట ముగిశాక మొదట సుంకన్న నోరు విప్పాడు. అతను బండలు కొట్టే మనిషి, శిష్యుల్లో పెద్దవాడు. అతని గొంతుకు ఊరి కుక్కలు లేచేవి.

"ఇది యాడిదిరా? ముప్పై ఏండ్లుగా ఈ పందిట్లో ఉండా. నేనెప్పుడూ వినలే."

"అమ్మదేనన్నా. పాతది. మా అవ్వ పాడుతుండె."

మద్దిలేటి అవ్వ ఒకప్పుడు చౌడమ్మ దగ్గరికి వచ్చేది. పోయి చాలా కాలమైంది. ఆమెను అడిగేవాళ్లు లేరు.

"నీ పాటలు నీకంటే బాగ దాచిపెట్టింది చూడమ్మా ముసల్ది" అని సుంకన్న నవ్వుతూ చౌడమ్మ వైపు తిరిగాడు.

చౌడమ్మ నవ్వలేదు.

"మళ్లీ పాడు" అంది.

పాడాడు.

"ఇంకోసారి."

మూడోసారి పాడుతున్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి. వెనకాలే అందుకోవాలని చూసింది. అందలేదు.

"నేను కట్టినవి డెబ్బైమూడు" అంది మెల్లగా. "ఏది యాడ కట్టినానో, ఆ పొద్దు ఇంట్లో ఏం కూరో కూడా చెప్తా. సూది మీద నేనెప్పుడు కట్టినాను?"

ఎవరో ఓదార్చబోయారు. "వయసు గదమ్మా. ఒకటో రెండో పోతాయి."

"మొన్న పప్పులో రెండుసార్లు ఉప్పేసినా. గిడ్డి ఏమనలేదు. నేనూ ఊరుకుంటి. ఉప్పంటే సరేలే. కన్నబిడ్డను మర్చిపోతే ఎట్ల?"

మద్దిలేటి నోరు తెరిచాడు. అమ్మ వింటూనే కనిపెట్టి, పక్కకు పిలిచి చెవి మెలిపెడుతుందని అనుకున్నాడు. లోలోపల అదే కోరుకున్నాడు. ఇలా అవుతుందని ఊహించలేదు. ఎనభై మంది ఉన్నారు. సుంకన్న ఉన్నాడు. గురువు ముద్రను దొంగతనంగా వాడుకోవడం చిన్న తప్పు కాదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

చౌడమ్మ తంబుర తీసి సుంకన్న ఒళ్లో పెట్టింది.

"ఇంకమీద నువ్వు పట్టు. నేను నమ్మకం లేని మనిషినైపోతి."

ఆ రోజు నుంచి ఆమె పున్నమికి పందిట్లో కూర్చునేది, పాడేది కాదు.

ఇంట్లో మాత్రం తెల్లారి లేచింది మొదలు డెబ్బైమూడు పాటలూ వరసగా అప్పజెప్పుకునేది. మొదటి వారం అన్నీ వచ్చాయి. రెండో వారం నలభయ్యో పాట దగ్గర ఆగి, మొదటికి వచ్చింది. బెదురు పుట్టాక ఉన్నవి కూడా జారిపోతాయి. పట్టుకోవాలని చెయ్యి బిగించినకొద్దీ వేళ్ల సందుల్లోంచి పోతాయి. ఒకరోజు కదురు చేతిలో పట్టుకుని కదురు కోసం ఇల్లంతా వెతికింది. తర్వాత గిడ్డమ్మను పట్టుకుని ఏడ్చింది.

ఇదంతా గిడ్డమ్మ మిషను దగ్గరికి వచ్చి చెప్పింది. రవిక కుట్టించుకోవడానికి వచ్చింది.

"నువ్వు పాడిన పాట నాకు నేర్పు మద్దిలేటన్నా. అత్త అడుగుతాంది. తెలియకుండా పోయిన బిడ్డ ఇంటికొచ్చిందంట, మళ్లీ పోనీకుండా నేర్చుకుంటాదంట."

అతని కాలు మిషను మీద ఆగిపోయింది. సూది గుడ్డలోనే నిలిచిపోయింది. అలాగే లేచి, గిడ్డమ్మ కంటే ముందే చౌడమ్మ ఇంటికి పోయాడు.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. విన్నంతలో గుర్తున్న ముక్క పాడుకుంటోంది. సూది పోయిన దారినే... సూది పోయిన దారినే... తర్వాత రావడంలేదు. మళ్లీ మొదటికి పోతోంది.

మద్దిలేటి ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అమ్మా, అది నీ పాట కాదు. నేను కట్టినా. నీ పేరు పెట్టినా."

చౌడమ్మ చాలాసేపు అతని ముఖంలోకి చూసింది.

"నాది కాదా?"

"కాదమ్మా."

"అయితే నేను మర్చిపోలే?"

"మర్చిపోలేదమ్మా."

"గిడ్డీ! గిడ్డీ!" అని అరిచింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన గిడ్డమ్మ హడలిపోయింది. "నేను మర్చిపోలేదే! వీడు, ఈ గాడిద, వీడు కట్టినాడంట!"

నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దెబ్బలు పడతాయని తల వంచుకుని ఉన్న మద్దిలేటికి ఆ నవ్వు దెబ్బకంటే ఎక్కువ తగిలింది.

"నా పేరెందుకు పెట్టినావురా?"

"నా పేరుతో పాడితే ఎవరు వింటారమ్మా?"

"నేను వింటా కదరా."

"సరే" అంది చౌడమ్మ. "వచ్చే పున్నమికి నీ పేరుతో పాడు. ఆ పొద్దే నేను తంబుర తీసుకుంటా."

"నువ్వు ముందే తీసుకో అమ్మా. నువ్వు పాడు."

"నేను ముందే పాడితే, ఏమ్మా, మతి బాగైందా అని అడుగుతారు. ఏం చెప్పల్ల? నిన్ను పట్టియ్యల్లనా?" గిడ్డమ్మ వైపు తిరిగింది. "నువ్వూ నోరెత్తగాకు. వాడి మాట వాడే చెప్పల్ల."

మద్దిలేటి తల ఊపాడు. ఆ క్షణంలో నిజంగానే చెప్పాలనుకున్నాడు.

వచ్చే పున్నమికి పెళ్లి బట్టలు ఉన్నాయి. ముప్పై జతలు. కొట్టం దాటి రాలేకపోయాడు. ఆ పై పున్నమికి పందిట్లోకి వచ్చాడు, గొంతు బాగలేదన్నాడు. ఆ మరుసటిదానికి వాన. వాన పొద్దున్నే వెలిసింది గానీ, ఎవరూ రారులే అనుకున్నాడు. అందరూ వచ్చారు.

వచ్చిన ప్రతిసారీ చౌడమ్మ అతని వైపు ఒకసారి చూసేది. ఒక్కసారే. తర్వాత చిడతలు తీసుకుని అందరితో పాటు తాళం వేసేది. ఆమె తనను ఎందుకు తిట్టడంలేదో అతనికి అర్థమయ్యేది కాదు. తిట్టి ఉంటే చెప్పేసేవాణ్ణి అనుకునేవాడు. అది కూడా నిజం కాదని తెలుసు.

ఈలోగా ఆ పాట ఊరు దాటింది. పత్తికొండ సంతలో ఒక గుడ్డి ఆయన చిడతలు వాయిస్తూ పాడుతుంటే మద్దిలేటి విన్నాడు. చౌడమాంబ మాట వినరా అని ముగించాడు ఆయన. పక్కనున్నవాళ్లు ఆహా అన్నారు. మద్దిలేటికి ఛాతీ ఉప్పొంగింది. మరుక్షణమే, తన ఇంట్లోకి తాను దొంగలా వచ్చినట్టు అనిపించింది.

చౌడమ్మ దగ్గర మంచిరోజులు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. పంట చేలు కోతకు వచ్చేసరికి ఆమె గిడ్డమ్మను చనిపోయిన తన అక్క పేరుతో పిలవసాగింది. అప్పుడప్పుడూ తేరుకునేది. తేరుకున్నప్పుడు అడిగేది. "పున్నమి వచ్చిందా? వాడు పాడినాడా?"

"ఇంకా లేదత్తా."

"పాడతాడులే."

తర్వాత తర్వాత అడగడం మానేసింది.

గిడ్డమ్మ మళ్లీ మిషను దగ్గరికి వచ్చింది. ఈసారి కుట్టించుకోవడానికి ఏమీ తేలేదు.

"అన్నా, నిన్నంతా అత్త ఒక్క పాట కూడా పాడలే. నలభయ్యోదని కాదు, మొదటిదే రాలే. రాలేదని ఏడవను కూడా లే. అదే నాకు భయమైతాంది." కొంచెం ఆగింది. "నువ్వింక ఎప్పుడు చెప్తావు?"

మార్గశిర పున్నమి నాడు మద్దిలేటి పందిట్లో అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు. పొద్దు ఇంకా ఎర్రగా ఉంది. చౌడమ్మను కంబళి కప్పి నులక మంచం మీద కూర్చోబెట్టారు. గిడ్డమ్మ పక్కన ఉంది.

"సూది పాట అమ్మది కాదు" అన్నాడు. గొంతు సన్నగా వచ్చింది. గట్టిగా మళ్లీ అన్నాడు. "అమ్మది కాదు. నేను కట్టినా. పేరు పెట్టుకోను ధైర్యం లేక అమ్మ ముద్ర పెట్టినా. అమ్మ ఏదీ మర్చిపోలే. ఆ పొద్దు నేను అబద్ధం చెప్పినా."

పందిరి గోలగోల అయింది. ఎవరో "దొంగ నాయాలా" అన్నారు. సుంకన్న లేచి వచ్చాడు. కొడతాడనుకుని మద్దిలేటి కళ్లు మూసుకున్నాడు.

సుంకన్న కొట్టలేదు. అతని పెద్ద గొంతు ఆ పొద్దు చిన్నదైపోయింది.

"అప్పుడే చెప్పింటే... ఈ ఎనిమిది నెలలూ అమ్మ పాడుతుండె కదరా. మేం వింటాంటిమి కదరా."

సుంకన్న వెనక్కి పోయి కూర్చున్నాడు. తంబుర తీసి శ్రుతి చూశాడు. మీటడం మొదలుపెట్టాడు.

"పాడు" అన్నాడు, తల ఎత్తకుండా.

మద్దిలేటి పాడాడు. కొలత లేని అంగి దగ్గర గొంతు వణికింది. సూది పోయిన దారి దగ్గరికి వచ్చేసరికి నిలబడింది. చివరి చరణంలో, ఇన్నాళ్లూ దాటలేని ఆ నాలుగక్షరాలూ దాటాడు. మద్దిలేటి మాట వినరా. ఏమీ కాలేదు. పందిరి కూలిపోలేదు. తాళం కదలలేదు. ఇంత చిన్నదా అనిపించింది. ఇంత చిన్నదానికా అనిపించింది.

మంచం మీద చౌడమ్మ మోకాలిపై వేళ్లతో తాళం వేస్తోంది. పాట ఆగాక కూడా వేళ్లు ఆగలేదు. ముఖం వెలిగిపోతోంది.

"ఎంత బాగుందే" అంది గిడ్డమ్మతో. "ఎవరిదే ఈ పాట?"

"మద్దిలేటన్నది అత్తా."

"యా మద్దిలేటి?"

గిడ్డమ్మ వేలితో చూపించింది.

"ఆయన్ని ఇట్ల పిలువు. ఒకసారి చూడల్ల."

మద్దిలేటి వచ్చి మంచం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చౌడమ్మ వంగి అతని చెయ్యి అందుకుంది. పన్నెండేళ్లలో ఒరే అని తప్ప పిలవని మనిషి, పొరుగూరి నుంచి వచ్చిన పెద్దమనిషిని పలకరించినట్టు మర్యాదగా అడిగింది.

"మీరేనా కట్టింది?"

"నేనేనమ్మా."

"యా ఊరు నాయనా?"

"ఈ ఊరేనమ్మా."

ఆమె అతని చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ముఖం నిండా ఆశ్చర్యం.

"ఈ ఊరేనా? మరి ఇన్ని దినాలు నా దగ్గరికి ఎందుకు రాలేదు నాయనా?"